చలికాలపు విత్తనములు: ఒక గ్రంథ విమర్శ

క్రొత్తగా కోసిన వరి గింజలను వెంటనే నారుమడిలో చల్లినచో కొన్ని రకములు సరిగా మొలవవని మన రైతులకు తెలియును. కొన్ని వారములు నిలువయుంచిన పిదప అవే గింజలు చక్కగా మొలకెత్తును. తొందరగలవారు విత్తనములను పలుచని నత్రికామ్లములో నానబెట్టి, కడిగి, మండెకట్టుటయు కలదు. వేరుశనగలో గుత్తి రకముల సంగతి దీనికి వ్యతిరేకము. వానికి ఇట్టి విరామము లేదు. కోతకాలమున వానలు పట్టినచో కాయలు భూమిలోనే మొలకెత్తి రైతునకు నష్టము తెచ్చును. తీగ రకములకు ఈ విరామము కలదు. నీరు, గాలి, తగిన వెచ్చదనము, మూడును దొరకినను ప్రాణముగల విత్తనము మొలకెత్తకుండు ఈ స్థితికే సుప్తావస్థ యని పేరు.

చలిదేశముల మొక్కలలో సుప్తావస్థ తరచుగా మరియొక రూపమున కనిపించును. వేసవిలో రాలిన గింజ శరత్కాలపు వానకే మొలకెత్తినచో, రెండాకుల లేత మొక్క మంచునకు బలియగును. అచ్చటి అనేక జాతుల గింజలు తడిసి, చలిలో కొన్ని వారములు గడపినగాని మొలకెత్తవు. తోటమాలులు ఈ చలిని కల్పించుటకు ఎన్నో ఉపాయములు పన్నిరి. వానిలో ఏది నిజముగా పనిచేయునది, ఏది పనిచేసినట్లు కనిపించునది అని తేల్చుటకు పూనుకొనిన గ్రంథమొకటి ఈ విమర్శకు విషయము.

గ్రంథకర్త నార్మన్ సి. డీనో వృక్షశాస్త్రజ్ఞుడు కాడు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్ర ఆచార్యుడుగా పనిచేసినవాడు. తోటపని ఆయనకు అభిరుచి. ‘విత్తనముల అంకురణము: సిద్ధాంతము, ఆచరణము’ అని మనము తెలుగున పేరు పెట్టుకొనదగిన ఈ ఆంగ్ల గ్రంథమును ఆయన 1991లో తానే అచ్చువేయించెను. 1993లో రెండవ కూర్పును, 1996, 1998 సంవత్సరములలో రెండు అనుబంధములను వెలువరించెను. రెండువేలకు పైగా జాతుల విత్తనములను ఆయన పరీక్షించెను. అందులకు వాడిన పరికరములు తడికాగితము, పాలిథీను సంచి, ఇంటి రిఫ్రిజిరేటరు. ప్రయోగశాల లేదని చింతించు మన ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఈ గ్రంథమును పరిచయము చేయ తలచుటకు ఇది మొదటి కారణము. రెండవ కారణము దీని దోషములు. అవియు మనకు పాఠములు చెప్పగలవు.

రెండువేల జాతుల గ్రంథమును ఒక వ్యాసమున పరీక్షింపజాలము. ఒక్క మొక్కను ఎన్నుకొని, దాని విత్తనముల విషయమున గ్రంథము ఎంతవరకు నిలుచునో చూతము. ఆ మొక్క కొలంబైను.

కొలంబైను రాననక్యులేసి కుటుంబమునకు చెందిన అక్విలీజియా ప్రజాతి మొక్క. దీని జాతులు ఉత్తరార్ధగోళపు చలి, సమశీతల ప్రదేశములలో వ్యాపించియున్నవి. మన దేశమున పశ్చిమ హిమాలయములలో కూడ కొన్ని పెరుగును. ఆంధ్ర, తెలంగాణ మైదానములలో దీనిని చూచినవారు అరుదు. పువ్వునకు ఐదు ఆకర్షక పత్రములు. ఒక్కొక్కటి వెనుకకు గొట్టమువలె సాగి, కొనలో మకరందమును దాచుకొనును. ఈ గొట్టములు వంగి చూపరులకు పావురముల గుంపును స్ఫురింపజేయుటచే, పావురమునకు గల లాటిను పేరునుండి కొలంబైను అను పేరు వచ్చినది. కొలరాడో రాష్ట్రము 1899లో నీలి, తెలుపు రంగుల కొలంబైనును తన పుష్పముగా స్వీకరించెను. తూర్పు ఉత్తర అమెరికాలో పెరుగు కెనడా కొలంబైను ఎరుపు, పసుపు వన్నెలది. దాని మకరందమునకు హమ్మింగు పక్షులు వచ్చును. పువ్వు రాలిన పిదప ఐదు ఏకవిదారక ఫలములు నిటారుగా నిలిచి, ఎండి, పైభాగమున విచ్చును. లోపల ఆవగింజంత నల్లని, నిగనిగలాడు విత్తనములుండును. గాలికి కాడ ఊగినపుడు అవి చుట్టుప్రక్కల రాలును.

విత్తనమును కోసి సూక్ష్మదర్శినితో చూచినచో దాదాపు అంతయు అంకురచ్ఛదమే కనిపించును. పిండము ఒక మూలన మిక్కిలి చిన్నదిగా ఉండును. చిక్కుడు గింజను నానబెట్టి విప్పినపుడు కనబడు పూర్తిగా ఎదిగిన పిండముతో దీనిని పోల్చుడు. చిక్కుడులో పిండము సిద్ధముగా నున్నది, నీరు తగిలిన చాలును. కొలంబైనులో పిండము విత్తనము లోపలనే మరికొంత పెరిగిన పిదపగాని వేరు బయటకు రాదు. రాననక్యులేసి కుటుంబమున ఇది సాధారణ లక్షణము. కావున ఈ విత్తనము ఆలస్యము చేయుటకు ఒకటికి మించిన కారణములు ఉండవచ్చును: పిండము పెరుగుటకు కాలము కావలెను, జాతినిబట్టి చలి కావలెను, పలుమారులు వెలుతురును కావలెను. విత్తనములమ్మువారి పట్టికలలో కెనడా కొలంబైనునకు తడిచలి 60 దినములనియు, విత్తనములపై మన్ను కప్పక పైననే చల్లవలెననియు వ్రాయుట పరిపాటి.

ఇక తోటమాలుల ఉపాయములు. అన్నిటికన్న పాతది విత్తనములను ఇసుక పొరల నడుమ పేర్చి చలికాలమంతయు బయట ఉంచుట. ఈ పొరలనుండియే స్తరీకరణ మను మాట పుట్టినది. రెండవది శరత్తునందో, నడిచలిలోనో కుండీలలో విత్తి, పైన సన్నని కంకర పరచి, ఆరుబయట వదలుట. పర్వతపు మొక్కలను పెంచు బ్రిటిషు, అమెరికను ఔత్సాహికులు దీనిని ఎక్కువగా ఇష్టపడుదురు. మూడవది రిఫ్రిజిరేటరు. నాలుగవది అమెరికాలో ఇటీవలి దశాబ్దములలో మిగుల ప్రచారమునకు వచ్చిన సీసా పద్ధతి. అచ్చట పాలు అమ్ము పెద్ద ప్లాస్టిక్కు సీసాను నడుమ కోసి, అడుగున రంధ్రములు పొడిచి, నాలుగు అంగుళముల మన్ను నింపి, విత్తనములు చల్లి, పైభాగమును మరల అంటించి, మూత తీసి, మంచులో పెట్టుదురు. వసంతమున సీసాలో మొక్కలు లేచును.

ఈ సీసా పద్ధతిని నేను తక్కువ చేయను. పక్షులు తినవు, నత్తలు చేరవు, పెద్దవానకు చిన్న విత్తనములు కొట్టుకొనిపోవు, మన్ను త్వరగా ఆరదు. కొలంబైనువంటి మొక్కకు, కొద్ది ఖర్చుతో, ఇంతకన్న సులభోపాయము దొరకుట కష్టము. ఐతే మొక్క వచ్చినదన్న సంగతినుండి ఎందుకు వచ్చినదో మనకు తెలియునా? సీసాలో చలి కలదు, తేమ కలదు, వెలుతురు కలదు, పగటికి రాత్రికి వేడిమిలో హెచ్చుతగ్గులు కలవు, కాలవ్యవధి కలదు. ఈ ఐదింటిలో విత్తనమును మేల్కొల్పినది ఏది? ఆ విత్తనములనే ఇంటిలో వెచ్చగా, వెలుతురులో, అంతే తడిగా మరియొక పాత్రలో ఉంచియుండినచో కొంత చెప్పవచ్చును. అట్టి తోడు పాత్రను ఉంచువారు అరుదు. పైగా సీసా నిండ మొక్కలు వచ్చినవారు నలుగురికి చెప్పుదురు. రానివారు సీసాను చెత్తలో పడవేసి ఊరకుందురు. మన చెవిన పడు వార్తలన్నియు జయవార్తలే యగుటకు ఇదియొక కారణము.

ఈ ఉపాయములను గూర్చి వ్యాపించిన అభిప్రాయములలో ఒకటి స్పష్టముగా తప్పు. గడ్డకట్టు చలి విత్తనపు పెంకును పగులగొట్టి మొలకకు దారి ఇచ్చునని కొందరందురు. అందుచే పొడి విత్తనముల పొట్లమును రిఫ్రిజిరేటరులోని మంచుగదిలో కొన్నాళ్ళుంచి, తీసి విత్తుదురు. అది విత్తనములను భద్రపరచు మార్గమేగాని మేల్కొలుపు మార్గము కాదు. చలి చేయు పని పెంకుపై కాదు, లోపలి జీవక్రియలపై. అందులకు విత్తనము ముందు నీరు పీల్చి ఉబ్బవలెను. నీరు గడ్డకట్టినచో ఆ క్రియలు దాదాపు నిలిచిపోవును. పెక్కు జాతులకు మిక్కిలి అనుకూలమైన చలి గడ్డకట్టు చలికి కొంచెము పైది, 5 సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతము. న్యూయార్కు రాష్ట్రమున యాంకర్సు పట్టణములోని బాయ్‌సు థాంప్సను సంస్థలో విలియం క్రాకరు, లీలా బార్టను మొదలగువారు ఇట్టి విషయములను దశాబ్దములపాటు పరిశోధించిరి. వారిద్దరు కలిసి వ్రాసిన విత్తన శరీరధర్మశాస్త్ర గ్రంథము 1953లోనే వెలువడినది. ఐనను మంచు పెంకును చీల్చునను మాట నేటికిని చావలేదు. కంటికి కనబడునట్టి కారణమును మనస్సు సులభముగా నమ్మును కాబోలు.

డీనో గ్రంథమునకు గల మొదటి ఘనత ఇచ్చటనే యున్నది. విత్తనము చలిలో నిద్రించుచున్నదను తలపును ఆయన ఒప్పుకొనడు. చలిలో నున్న తడి విత్తనమున మొలకను అడ్డగించు వ్యవస్థలు రసాయనిక చర్యలచే క్రమముగా తొలగిపోవుచుండును. కావున ఆ కాలమును విశ్రాంతి యనక, సన్నాహకాలమనవలె నని ఆయన వాదము. రసాయనశాస్త్రజ్ఞునకు సహజముగా తోచు ప్రశ్నను ఆయన వేసెను: ఆ చర్య ఏ ఉష్ణోగ్రతలో ఎంత వేగముగా జరుగును?

దీనికి ఆయన ఎన్నుకొనిన పద్ధతి చక్కనిది. రెండే ఉష్ణోగ్రతలు. ఒకటి 40 ఫారెన్‌హీటు డిగ్రీలు, అనగా రిఫ్రిజిరేటరు చలి, సుమారు 4 సెంటీగ్రేడు డిగ్రీలు. రెండవది 70 డిగ్రీలు, అనగా ఆ దేశపు ఇంటి గది, సుమారు 21 సెంటీగ్రేడు డిగ్రీలు. ఒకే జాతి విత్తనములలో కొన్నిటిని తడికాగితములో మడిచి, పలుచని సంచిలో నుంచి చలిలో ప్రారంభించును. కొన్నిటిని వెచ్చగా ప్రారంభించును. మూడు నెలలకు ఒకదానిని రెండవదాని చోటికి మార్చును. మరల మూడు నెలలకు మరల మార్చును. నడుమ నడుమ విప్పి, మొలచినవానిని లెక్కించి తీసివేయును. మన్ను లేదు గనుక కుళ్ళినది, మొలచినది, ఊరక యున్నది కంటికి స్పష్టముగా కనిపించును. కుండీలో విత్తినవాడు మొలవని గింజ బ్రతికియున్నదో చచ్చినదో ఎరుగడు.

కొలంబైను విషయమున ఈ ఏర్పాటు విలువ గమనింపుడు. కెనడా కొలంబైను గింజలు సహజముగా రాలునది వేసవిలో. కొంతకాలము వెచ్చగా, తడిగా గడపి, పిదప చలిని చూచి, వసంతమున మొలచును. చలికాలము నడుమ విత్తనముల పొట్లము కొని సీసాలో చల్లినవాడు మొదటి వెచ్చని దశను దాటవేసినాడు. ఆ దశ అవసరమా, అనవసరమా? వెచ్చగా ప్రారంభించిన సంచిని, చలిలో ప్రారంభించిన సంచిని ప్రక్కప్రక్కన పెట్టినగాని ఈ ప్రశ్నకు జవాబు రాదు. డీనోకు పూర్వము తోటమాలుల పుస్తకములలో ఇంత చిన్న ఏర్పాటుతో ఇంత స్పష్టమైన ప్రశ్న వేసినవారు నాకు కనిపించలేదు.

ఇక దోషములు. మొదట వెలుతురు సంగతి. రిఫ్రిజిరేటరు తలుపు మూసినచో లోపల చీకటి. ఆరుబయటి సీసాలో మన్నుపై పడియున్న విత్తనమునకు మంచు కరగినప్పుడెల్ల వెలుతురు తగులును. ఒకడు కొలంబైను గింజలను రెండు భాగములు చేసి, ఒకటి రిఫ్రిజిరేటరులో నుంచి పిదప తీసి కుండీలో అరంగుళము లోతున నాటినాడనుకొందము. రెండవ భాగము సీసాలో పైపైన చల్లినాడు. సీసాలో ఎక్కువ మొలచినవి. బయటి చలి మేలు, పెట్టెలోని చలి చాలదు అని అతడు వ్రాయును. నిజమునకు ఇచ్చట చలికి పోటీయే జరుగలేదు. వెలుతురుకును చీకటికిని పోటీ జరిగియుండవచ్చును.

ఒక ఉన్నత పాఠశాలలో ప్రయోగ పరీక్షకు పోయినపుడు నేను చూచినది ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చుచున్నది. రెండు గ్లాసులలో బొబ్బర గింజలు. ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో. కిటికీలోనివి మొలచినవి, బీరువాలోనివి మొలవలేదు. మొలకెత్తుటకు వెలుతురు అవసరమని పిల్లవాడు శ్రద్ధగా వ్రాసెను. బీరువా గ్లాసులో దూది ఎండిపోయియున్నది. కిటికీ గ్లాసునకు ప్రతిదినము నీరు పోసినారు, బీరువా తాళము తీయువారు లేరు. బొబ్బర చీకటిలో చక్కగా మొలచునని ఆ బాలుని యింటిలో గుగ్గిళ్ళకు గింజలు నానవేయు పెద్దలకందరికి తెలిసియుండును. ఐనను నోటుపుస్తకమున వ్రాత సరిగా నున్నందున అతనికి మార్కులు పూర్తిగా వచ్చినవి.

డీనో ఈ చిక్కును ఎరుగనివాడు కాడు. వెచ్చని దశలో వెలుతురులో నుంచిన సంచులకు, చీకటిలో నుంచిన సంచులకు వేరు గుర్తులు పెట్టెను. కాని అన్ని జాతులకు అన్ని జంటలను సమానముగా పరీక్షింపలేదు. ఇంత పెద్ద పనిలో అది ఊహింపదగినదే. చదువరికి మాత్రము పట్టికలోని ఖాళీ పరీక్షింపకపోవుటవలన కలిగినదో, ఫలితము శూన్యమగుటవలన కలిగినదో కొన్ని చోట్ల తేలికగా తెలియదు. కొలంబైనువంటి మొక్కకు నాలుగు సంచులు తప్పనిసరి: చలి తరువాత వెలుతురు, చలి తరువాత చీకటి, చలి లేక వెలుతురు, చలి లేక చీకటి. నాలుగింటికి గింజలు ఒకే పొట్లమువి, కాగితము ఒకటే, నీరు ఒకటే కావలెను. వెలుతురు సంచిపై ఎండ నేరుగా పడరాదు. పడినచో వేడి ఐదవ కారణమై చేరును.

రెండవ దోషము లెక్కలకు సంబంధించినది. గ్రంథములోని పట్టికలలో ఇన్ని వారములలో ఇంత శాతము మొలచినదని యుండును. ఆ శాతము ఎన్ని గింజలపై వచ్చినది, ప్రయోగము ఎన్ని పర్యాయములు చేసినది అను వివరము సాధారణముగా ఉండదు. ఇది చిన్న లోపము కాదు. ఊహార్థము ఒక లెక్క చూడుడు. చలి సంచిలో 50 గింజలకు 32 మొలచినవి, చలి లేని సంచిలో 50కి 26 మొలచినవి అనుకొందము. 64 శాతము, 52 శాతము. పండ్రెండు శాతముల తేడా కంటికి పెద్దదిగానే కనబడును. కాని ఒకే పొట్లములోని గింజలను రెండు భాగములు చేసి, రెంటిని ఏ మార్పును లేక ఒకే విధముగా ఉంచినను, కేవలము యాదృచ్ఛికముగా ఇంత తేడా సుమారు ఐదు పర్యాయములలో ఒకసారి రావచ్చును. గింజలు 50కి బదులు 400 ఉండి, శాతములు అవియే వచ్చినచో, అనగా 256, 208 మొలచినచో, ఆ తేడా యాదృచ్ఛికమని చెప్పుట కష్టము. 1924లో ఏర్పడిన అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘమువారు అంకురణ పరీక్షకు నాలుగు నూర్లుగా 400 గింజలు తీసికొనవలెనని నియమించుటకు కారణము ఇదియే.

ఇంతమాత్రమున డీనో ఫలితములన్నియు కొట్టివేయదగినవి కావు. ఒక సంచిలో ఒక్కటియు మొలవక, మరియొక సంచిలో నూటికి 80 మొలచినచో గణితశాస్త్రమును పిలువ పనిలేదు. ఆయన గ్రంథమున ఇట్టి స్పష్టమైన ఫలితములు ఎన్నో కలవు. వానిలో దాని బలము కలదు. 60కి 75కి నడుమ భేదమును చూచి ఇది మేలు, అది కీడు అని చెప్పు తావులలో మాత్రము చదువరి కొంచెము ఆగవలెను.

మూడవది సిద్ధాంతమునకు సంబంధించినది. మొలకల సంఖ్యను కాలమునకు ఎదురుగా గీచి, ఆ వక్రము రసాయన చర్యల వేగసూత్రములను అనుసరించుచున్నదని డీనో చూపును. ఆలోచన మనోహరముగా నున్నది. ఐతే చర్యలో పాల్గొను అణువులన్నియు ఒక్కటే, ఒక పొట్లములోని గింజలు అట్టివి కావు. ఒకటి కాయ అడుగున పండినది, ఒకటి కొనలో పండినది. ఒకదానిలో పిండము కొంచెము పెద్దది, ఒకదానిలో చిన్నది. ఇన్ని భేదములు గల గింజలు కలిసి గీచిన వక్రము ఒక సూత్రమునకు సరిపోయినంతమాత్రాన లోపల ఒకే చర్య జరుగుచున్నదని నిరూపణ కాదు. కొలంబైనులో పిండము పెరుగుట ఒకటి, అడ్డంకి తొలగుట ఒకటి, వేరు వెలువడుట మరియొకటి. ఈ దశలను విడదీయుటకు సంచి విప్పి మొలకలు లెక్కించుట చాలదు. వారమునకు కొన్ని గింజలను కోసి పిండము పొడవును కొలువవలెను. కెంటకీ విశ్వవిద్యాలయపు కారొలు బాస్కిను, జెర్రీ బాస్కిను దంపతులు తమ జీవితకాల పరిశోధనలో చేసినది ఇట్టి పని. 1998లో వెలువడిన వారి బృహద్గ్రంథము, రష్యా శాస్త్రజ్ఞురాలు నికొలాయెవా వర్గీకరణమును ఆధారము చేసికొని, పిండము ఎదుగకపోవుటవలని ఆలస్యమును, శరీరధర్మమువలని ఆలస్యమును, రెండును కలిసినదానిని వేరుచేసి చూపును. డీనోను చదివినవారు దానిని కూడ తిరుగవేయుట మంచిది. ఐతే దాని వెల, బరువు పాఠశాలల గ్రంథాలయములకు మించినవి.

నాలుగవ సంగతి విత్తనముల పుట్టుపూర్వోత్తరములు. కొలంబైను జాతులు ఒకదానితో నొకటి సులభముగా సంకరమగును. తోటలో రెండు మూడు జాతులు ప్రక్కప్రక్కన పెరిగినచో వాని గింజలనుండి వచ్చు సంతతి పేరునకు తగినట్లుండదు. పొట్లముపై పేరు ఒకటి, లోపలి గింజ మరియొకటి. వయస్సు కూడ ముఖ్యమే. నెలలతరబడి పొడిగా నిలువయున్న గింజకును, నిన్న కాయనుండి రాలిన గింజకును ప్రవర్తన ఒకటి కాదు. వరి విషయమున మనము చూచినదే ఇది. పొడి నిలువయందు విత్తనములు క్రమముగా చచ్చుననియు, కొన్నిటికి ఆ నిలువయే మేలుచేయుననియు డీనో నొక్కి చెప్పెను. కాని వివిధ మూలములనుండి వచ్చిన విత్తనముల వయస్సు అంతట ఒకే విధముగా తెలియదు గనుక, ఆయన ఫలితము మనకు రాకపోయినచో తప్పు పద్ధతిదా, పొట్లముదా అని నిర్ణయించుట కష్టము.

జిబ్బరెల్లికామ్లమును గూర్చి గ్రంథము ఎక్కువ శ్రద్ధ చూపినది. ఈ పదార్థపు కథ వరితో ముడిపడినది. ఒక శిలీంధ్రము సోకిన వరిమొక్కలు సన్నగా, వికృతమైన పొడవు పెరిగి పడిపోవును. జపాను రైతులు దానిని తెలివిమాలిన మొక్కల తెగులనిరి. ఆ శిలీంధ్రము స్రవించు పదార్థమే ఇట్లు చేయుచున్నదని 1926లో కురొసావా చూపెను. 1935లో యబుతా దానికి జిబ్బరెల్లిను అని పేరు పెట్టెను. అది పెక్కు జాతులలో చలికి బదులుగా పనిచేయును. రిఫ్రిజిరేటరులో రెండు నెలలు వేచియుండ నేల, ఒక చుక్క మందు చాలదా అని కొందరికి తోచును. మోతాదు మించినచో మొలచిన మొక్క ఆ జపాను వరివలెనే పీలగా పెరిగి పడిపోవును. డీనో దీనిని ప్రయోగ సాధనముగా చూచెను. వ్యాపారపు కరపత్రములు దీనిని సంజీవనిగా చూచుచున్నవి. ఆ రెంటికి గల భేదమును గ్రంథము ఇంకను గట్టిగా చెప్పియుండవలసినది.

రెండు స్థిర ఉష్ణోగ్రతల పద్ధతికి స్వాభావికమైన పరిమితి ఒకటి మిగిలియున్నది. బయటి చలికాలము 4 డిగ్రీల వద్ద నిలిచియుండదు. పగలు ఎక్కును, రాత్రి దిగును. కొన్ని జాతుల విత్తనములకు ఆ ఎగుడుదిగుడులే సంకేతము. ఇచ్చట సీసా పద్ధతివారు డీనోకు జవాబు చెప్పగల స్థితిలో నున్నారు. పెట్టెలో మొలవని గింజ సీసాలో మొలచినచో, వెలుతురు సమానముగా నున్న పక్షమున, హెచ్చుతగ్గుల ప్రభావమును అనుమానింపవచ్చును. కాని వారు లెక్క వ్రాయరు. లెక్క వ్రాసిన డీనో ఎక్కువగా పెట్టెలోనే యుండెను. ఈ ఇరువురి నడుమ చేయవలసిన ప్రయోగము ఖాళీగా నున్నది. ఒక కొలంబైను పొట్లము, ఆరు సీసాలు, ఆరు సంచులు, ఒక ఉష్ణమాపకము గల చలిప్రదేశపు పాఠశాల దానిని ఒక్క చలికాలములో చేయవచ్చును. మొక్క పూయుటకు సామాన్యముగా రెండవ యేడు పట్టునుగాని, మొలక లెక్కకు అంతవరకు ఆగ పనిలేదు.

మనకు కొలంబైను గింజలు సులభముగా దొరకవు, అట్టి చలికాలమును లేదు. ఐనను సంచి, తడికాగితము, రెండు ఉష్ణోగ్రతలు, నాలుగు సమూహములు అను ఈ ఏర్పాటును క్రొత్తగా కోసిన వరికిని, తీగ వేరుశనగకును అట్లే వాడవచ్చును. గ్రంథము, దాని అనుబంధములు అమెరికా జాతీయ వ్యవసాయ గ్రంథాలయము ద్వారా ఇప్పుడు ఉచితముగా చదువుటకు లభించుచున్నవి. భాష సులభమైన ఆంగ్లము. పట్టికలలోని సంక్షిప్త చిహ్నములు మాత్రము మొదట తికమక పెట్టును. అందుచే అక్విలీజియా పేరున్న పుటకు నేరుగా పోక, పద్ధతులను వివరించిన మొదటి అధ్యాయములను ముందు చదువుట మేలు. చలిని, వెచ్చదనమును, వెలుతురును సూచించు గుర్తులు అచ్చటనే వివరింపబడినవి.